సల్కేటా తాబేలు పిల్లల పెంపకంలో వేడి, వెలుతురు యాజమాన్యం

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్ ప్రాంతం సల్కేటా నేల తాబేలు స్వస్థలం. పెంపుడు జీవిగా ఇది మన నగరాలకూ చేరింది. పిల్లల దశలో కనిపించే ఎముకల వ్యాధి, శ్వాసకోశ వ్యాధులు, డిప్ప వైకల్యం చాలావరకు వసతి లోపం వల్ల కలిగేవే. కనుక మందులకన్నా ముందు వసతిని పరిశీలించడం అవసరం.

చట్టపరమైన అంశం

మన ప్రాంతపు నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దానిని ఇంట పెంచడం నేరం. సల్కేటా సైట్స్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నందున, 2024 నియమాల ప్రకారం పెంపకందారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. సలహా ఇచ్చే ముందు జాతిని సరిగా గుర్తించాలి.

వేడి

తాబేలు తన శరీరంలో వేడిని తగినంతగా పుట్టించుకోలేదు. జీర్ణశక్తి, రోగనిరోధక శక్తి పరిసరాల ఉష్ణోగ్రతపై ఆధారపడతాయి. అందువల్ల వసతి అంతటా ఒకే వేడి ఉండరాదు. పిల్ల తనకు కావలసిన చోటికి కదిలే వీలుండాలి. తొట్టి చిన్నదైతే రెండు కొనలూ ఒకే వేడికి వస్తాయి. సుమారు 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు గల తొట్టి అనుకూలం.

• దీపం కింద వెచ్చని చోటు: 35–38 డిగ్రీల సెల్సియస్
• చల్లని కొన: 25–27 డిగ్రీలు
• రాత్రి: 22 డిగ్రీలకు తగ్గరాదు

ఉష్ణోగ్రతను తొట్టి గోడ మీద కాక, పిల్ల డిప్ప ఎత్తున, రెండు కొనలలోనూ కొలవాలి. రాత్రి వేడికి వెలుగు ఇవ్వని సెరామిక్ హీటరును థర్మోస్టాట్‌కు కలిపి వాడాలి. పొట్ట కింద వేడినిచ్చే పలకల వల్ల కాలిన గాయాలయ్యే ప్రమాదం ఉంది.

వెలుతురు

చర్మంలో విటమిన్ డి3 తయారీకి 290–315 నానోమీటర్ల అతినీలలోహిత–బి కిరణాలు అవసరం. ఇవి లేనప్పుడు మేతలో కాల్షియం ఉన్నా పేగులు దానిని తగినంతగా గ్రహించలేవు. శరీరం ఎముకల నుండే కాల్షియాన్ని తీసుకుంటుంది. ఫలితంగా డిప్ప మెత్తబడి, కాళ్లు వంకరపోతాయి. మామూలు ఎల్‌ఈడీ బల్బు ఈ కిరణాలను ఇవ్వదు. కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. కాబట్టి కిటికీ పక్కన తొట్టి ఉంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు.

యూవీ–బి ట్యూబును వెచ్చని చోటి పైభాగాన, తయారీదారు సూచించిన దూరంలో అమర్చి, రోజుకు 12 గంటలు వెలిగించాలి. కాంతి పైనుండే పడాలి. పక్కనుండి పడితే కళ్లు దెబ్బతింటాయి. ట్యూబు వెలుగుతున్నా కిరణాల తీవ్రత కాలక్రమేణా తగ్గుతుంది. సాధారణంగా 6–12 నెలలకు మార్చాలి.

తేమ

దీపాల వేడి గాలిని పొడిబారుస్తుంది. ఎదిగే వయసులో తేమ చాలకపోతే డిప్ప పలకలు గోపురాల వలె ఉబ్బుతాయి. సుమారు 80 శాతం తేమ గల చాటు గూడు, లోతు తక్కువ నీటి పళ్లెం ఏర్పాటు చేయాలి.

రుతువుల వారీ జాగ్రత్తలు

ఉదయపు ఎండకు సాటిరాగల దీపం లేదు. సగం నీడ ఉన్న ఆవరణలో పిల్లలను కాపలాతో వదలవచ్చు. గాజు తొట్టిని మాత్రం ఎండలో ఉంచరాదు. కొద్ది నిమిషాలలోనే లోపలి వేడి ప్రాణాంతకమవుతుంది. వేసవిలో వేడి దీపం అవసరం తగ్గుతుంది, యూవీ–బి అవసరం తగ్గదు. తెలంగాణలో శీతాకాలపు రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగుతాయి. సల్కేటా శీతాకాల నిద్రకు పోయే జాతి కాదు, చలికి మగతగా ఉన్న పిల్లను నిద్రిస్తోందని భావించరాదు. విద్యుత్తు పోయినప్పుడు గాలి ఆడేలా తొట్టిపై దుప్పటి కప్పాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

పిల్ల మేత మానినా, కుంటుతున్నా, దవడ వాచినా మూడు ప్రశ్నలు ముందుగా అడగాలి: దీపం కింద ఉష్ణోగ్రత ఎంత? యూవీ–బి ట్యూబు ఎప్పుడు మార్చారు? దీపానికి, పిల్లకు మధ్య అద్దం ఉందా? లోపం సరిదిద్దకుండా కాల్షియం మందు మాత్రమే ఇస్తే వ్యాధి తిరగబెడుతుంది.