పరిసల్ మీద బతికేవాళ్ళు

మాది ధర్మపురి జిల్లా మారండహళ్ళి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ, గుండ్రటి వెదురు పడవని పరిసల్ అనే అంటాం. అది తమిళ మాట. తెలుగులో దాన్ని పుట్టి అంటారని ఈ డిపార్ట్‌మెంట్‌కి వచ్చాకే తెలిసింది. అంతవరకూ నాకు పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం, అంతే.

మా ఊరి దగ్గరి పంచపల్లి ఆనకట్ట దాటిన చిన్నారు, హొగెనకల్ దగ్గర కావేరిలో కలుస్తుంది. (హొగె అంటే మన పొగే, కన్నడంలో పకారం హకారమైంది. కల్ అంటే రాయి, ఓరుగల్లులో ఉన్నదే.) మొన్న సెలవుల్లో అక్కడ చేపలు వేయించే ఒక అక్క పక్కన పూటంతా కూర్చున్నాను.

వాళ్ళాయన సాయంత్రం వల కట్టి వచ్చి, తెల్లవారకముందే పోయి తీస్తాడు. పొద్దెక్కాక చూడ్డానికొచ్చినవాళ్ళని పుట్టిలో తిప్పుతాడు. వెదురు బద్దలు అల్లి, కింద ప్లాస్టిక్ షీటు వేసి తారు పూస్తారు. పూర్వం తోలు కట్టేవారట. తెడ్డు ఒకటే. పనయ్యాక బోర్లించి తలమీద మోసుకుపోతారు.

పొలుసు గీకడం, చీల్చి కడగడం, మిరప్పొడి పట్టించడం, పెనం దగ్గర నిలబడటం అక్క పని. మన పాఠాల్లో జాలరి అంటే మగవాడే. నేను చూసిన పూట చేపని డబ్బు చేసింది మాత్రం ఆమె.

కర్ణాటకలో కబిని, కృష్ణరాజసాగరం నిండి నీళ్ళు వదిలితే బిలిగుండ్లు దగ్గర ప్రవాహం కొలుస్తారు. అది బాగా పెరిగితే కలెక్టరు పరిసల్ ఆపించేస్తారు. 1934లో పూర్తయిన మేట్టూరు ఆనకట్ట కింది రైతులు సంతోషించే దినాలవి.

"అప్పుడేం చేస్తారక్కా?"

"ఏం చేస్తాం, అంగట్లో బాకీకి బియ్యం. ఆయన బెంగళూరికి కూలికి పోతాడు."

కంబోడియా గురించి చెప్పాను. వానకాలంలో మెకాంగ్ పొంగి తోన్లే సాప్ నది వెనక్కి పారుతుంది, దాని సరస్సు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఖ్మేర్ జాలర్లకి ఆ వరదే చేపల్ని పెంచుతుంది. కొన్ని ఊళ్ళు ఇళ్ళతో సహా తేలుతూ నీటితోపాటే జరుగుతాయి. అక్క నమ్మలేదు.

"ఇల్లు తేలితే పొయ్యి ఎక్కడ పెడతారు?"

"ఇంట్లోనే అక్కా, మట్టి పొయ్యి."

"వరదొస్తే వాళ్ళ పడవల్ని ఎవరూ ఆపరా?" అని, జవాబు కోసం చూడకుండా పెనం మీద చేప తిప్పింది.