నవరాత్రులలో గుగ్గిళ్ళు

నవరాత్రులలో మన ఇళ్ళలో పులిహోర, దద్ధ్యోదనం, చక్కెర పొంగలి – అన్నీ బియ్యంతోనే. మధుమేహం ఉన్నవారికి మేము చెప్పేది, ఒక పూటైనా గుగ్గిళ్ళు చేసుకోమని. రాత్రి నానబెట్టిన కప్పు శనగలను ఉప్పు వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి కొబ్బరి కోరు చల్లితే చాలు. డబ్బా శనగలైతే ఉప్పు నీరు వంపేసి కడగండి. నైవేద్యానికి ఉల్లిపాయ వద్దని వేరే చెప్పక్కరలేదు! శనగల్లో పీచు, మాంసకృత్తులు ఉండటం వల్ల రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవారు ఉపవాసానికి ముందే మోతాదు గురించి డాక్టరును అడగాలి. మందు వేసుకుని ఏమీ తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు మొదలైతే వ్రతభంగమని ఆలోచించకుండా అర గ్లాసు పండ్లరసం తాగండి. ఆ క్షణంలో గుగ్గిళ్ళు పనికిరావు, అవి అరిగేసరికి ఆలస్యమవుతుంది.