ఓటు కంటే ముందు పేరు



రాష్ట్రపతిని ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారని సాంఘికశాస్త్రంలో చదివినాము. అయితే ఓటు వేయడానికి ముందు ఇంకొక పని ఉంది. ఎవరిని నిలబెట్టాలో పార్టీలో పెద్దలు తేల్చుకోవాలి. అసలు పోటీ అక్కడే మొదలవుతుంది. దీనికి మంచి ఉదాహరణ 1969 ఎన్నిక. అందులో ముఖ్యంగా పోటీ పడిన ఇద్దరూ తెలుగువాళ్ళే.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు చనిపోయినారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి గారు ఆ బాధ్యతలు చూసినారు. ఆయన బరంపురంలో పుట్టిన తెలుగువారు. అప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ. కాంగ్రెస్ పార్టీలో కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె.పాటిల్ లాంటి పెద్దలను 'సిండికేట్' అనేవాళ్ళు. వాళ్ళకూ ప్రధానికీ పడేది కాదు. ప్రధానిని నియమించేది రాష్ట్రపతి కదా! అందుకే ఆ కుర్చీలో తమ మనిషి ఉండాలని రెండు వైపులా పట్టు పట్టినారు.

జూలైలో బెంగళూరులో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినాయి. అక్కడ పార్టీ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. అందులో ఉన్నది ఎనిమిది మందే. ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ గారి పేరు చెప్పినారు. ఆయన దళితుడు. అది గాంధీగారి శతజయంతి సంవత్సరం కూడా. సిండికేట్ వాళ్ళు నీలం సంజీవరెడ్డి గారి పేరు చెప్పినారు. ఆయనది మన రాయలసీమే, అనంతపురం జిల్లా ఇల్లూరు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. ఓట్లు లెక్కపెడితే సంజీవరెడ్డికి నాలుగు, జగ్జీవన్‌రామ్‌కు రెండు. పేరు ఖాయమైపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. గిరి గారు స్వతంత్రంగా నిలబడతానని ప్రకటించినారు. ఇందిరాగాంధీ మొరార్జీ దేశాయ్ దగ్గర నుంచి ఆర్థిక శాఖ తీసేసుకున్నారు. జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసినారు. దానితో ఆమెకు జనంలో పలుకుబడి పెరిగింది. చివరికి, ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్ళు ఓటు వేయండి అన్నారు. అంటే సొంత పార్టీ అభ్యర్థికే ఓటు వేయాలని లేదు అని అర్థం.

ఆగస్టు 16న ఓటింగు. ఎంపీ, ఎమ్మెల్యేల ఓట్లకు విలువ కడతారు కాబట్టి లెక్క లక్షల్లో ఉంటుంది. గెలవడానికి 4,18,169 కావాలి. మొదటి లెక్కలో ఎవరికీ అంత రాలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చినాయి. గిరి గెలిచినారు. ఆ సంవత్సరమే కాంగ్రెస్ రెండు ముక్కలయింది. సంజీవరెడ్డి గారు మన పక్క నంద్యాల నుంచి 1977లో ఎంపీగా గెలిచి, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయినారు.

ఇప్పుడు నా మాట చెప్తా. మా యానాదుల కాలనీలో మా ఇంటి నుంచి బడికి వచ్చింది నేనే మొదలు. ఈ కథ చెప్తే మా అమ్మ, "ఆ ఎనిమిది మందిలో మనోళ్ళు ఎవరైనా ఉండారా?" అని అడిగింది. పేర్లన్నీ చూసినా. ఆడమనిషి ఒక్కరు, దళితుడు ఒక్కరు. ఆదివాసీలు ఎవరూ లేరు.

తర్వాత చాలా ఏండ్లు పట్టింది. 1997లో కె.ఆర్.నారాయణన్ గారు మొదటి దళిత రాష్ట్రపతి అయినారు. 2012లో మేఘాలయకు చెందిన గారో గిరిజనుడు పి.ఎ.సంగ్మా గారు ఈసారి గిరిజనులకు ఇవ్వండి అని అడిగినారు. సొంత పార్టీ ఒప్పుకోలేదు. పార్టీ వదిలి నిలబడి ఓడిపోయినారు. 2022 జూన్ 21న బీజేపీ బోర్డు సంతాలీ ఆడబిడ్డ ద్రౌపది ముర్ము గారి పేరు ప్రకటించింది. ఆమె అంతకుముందు టీచరుగా పనిచేసినారు. మన రాష్ట్రంలో ఎప్పుడూ కొట్లాడుకునే వైసీపీ, తెలుగుదేశం రెండూ ఆమెకే మద్దతు ఇచ్చినాయి. జూలై 25న ఆమె ప్రమాణం చేసినారు.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఏమంటే, ఓటు హక్కు ఒక్కటే చాలదు. పేరు చెప్పే చోట కూడా మనం కూర్చోవాలి. కూర్చోకపోతే, వేరేవాళ్ళు చెప్పిన పేర్లలోనే ఒకటి ఏరుకోవాల్సి వస్తుంది.

మన హాస్టల్లో మెస్ లీడరును ఎన్నుకునేటప్పుడు కూడా గట్టిగా మాట్లాడేవాళ్ళ పేర్లే ముందు వస్తాయి. చిన్న తరగతుల పిల్లలు, కొత్తగా చేరినవాళ్ళు వెనక వరసలో కూర్చుని చెయ్యి ఎత్తడమే చేస్తారు. అన్నం చాలకపోతే మొదట తెలిసేది వాళ్ళకే కదా! కాబట్టి ఈసారి ప్రతి రూము నుంచి ఒక చీటీ మీద ఒక పేరు రాయించి, అన్నీ అందరి ముందు చదివి, ఆ తర్వాతే ఓటు పెట్టాలని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను.

జవాబులు రాయండి:
1. బోర్డులో గెలిచిన పేరు ఎన్నికలో ఎందుకు ఓడిపోయింది?
2. అంతరాత్మ ఓటు మంచిదా, పార్టీ మాట వినడం మంచిదా? ఎందుకు?
3. మీ రూము నుంచి ఎవరి పేరు రాస్తారు?

— 9వ తరగతి విద్యార్థిని, మైలవరం