షార్ట్‌వేవ్ స్టేషన్ జారిపోతోందా? రేడియో రిటర్న్ పెట్టే ముందు ఇది చూడండి

తెల్లాపూర్ ఫ్లాట్‌లో ఏసీ గదిలోంచి చవక అనలాగ్ రేడియోని బాల్కనీలోకి తెచ్చి, 9600 కిలోహెర్ట్జ్ దగ్గర స్టేషన్ పట్టారు. పావుగంటకి అది జారిపోయింది. సెట్ పాడైనట్టేనా? ఆగండి.

ఇలాంటి చాలా సెట్లలో లోకల్ ఆసిలేటర్ స్టేషన్ కంటే 455 ఎక్కువలో, అంటే 10,055 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది. వేడికి కాయిల్, కెపాసిటర్ విలువలు మారతాయి. దాంతో ఫ్రీక్వెన్సీ 0.05 శాతం కదిలినా తేడా 5 కిలోహెర్ట్జ్. షార్ట్‌వేవ్‌లో పక్క ఛానల్ ఉండేది అంత దూరంలోనే! అదే శాతం హైదరాబాద్ ఆకాశవాణి 738 దగ్గర 0.6 మాత్రమే, చెవికి తెలీదు. మీడియం వేవ్ బాగుండి షార్ట్‌వేవ్ ఒక్కటే ఏడిపించేది ఇందుకే.

రేడియో ఆన్ చేసి బాల్కనీలోనే 20 నిమిషాలు వదిలేయండి, తర్వాత ట్యూన్ చేయండి. నిలబడిందా, అది వేడి పనే. వాల్యూమ్ పెంచినప్పుడల్లా స్టేషన్ కదిలితే కొత్త సెల్స్ వేసి చూడండి. అప్పటికీ జారుతూనే ఉంటే రిటర్న్ పెట్టేయండి.