ప్రజానాడి – స్థాలీపులాక న్యాయం

ఉద్దేశం : ఎన్నికల సర్వేల అంకెలను వివేచనతో పరిశీలించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

కుండలోని అన్నం ఉడికినదీ లేనిదీ తెలుసుకోవడానికి ప్రతి మెతుకునూ పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు చాలు. దీనినే శాస్త్రకారులు స్థాలీపులాక న్యాయమన్నారు. ఎన్నికల సర్వేలకు ఆధారం ఈ న్యాయమే. అయితే కుండ అంతటా మంట సమానంగా తగిలినప్పుడే మెతుకు సాక్ష్యం చెల్లుతుంది.

2018 శాసనసభ ఎన్నికలలో నాటి తెలంగాణ రాష్ట్ర సమితి 119 స్థానాలలో 88 గెలుచుకొంది. కాని గనుల ప్రాంతమైన రామగుండంలోను, రామగిరి మండలం ఉన్న మంథనిలోను ఓడిపోయింది. ఈ రెండు చోట్ల ఓటర్లను మాత్రమే అడిగి రాష్ట్ర ఫలితం చెప్పి ఉంటే అది తారుమారయ్యేది. రాష్ట్రపు గాలిని బట్టి ఇక్కడి ఫలితం ఊహించినా పొరపాటే అయ్యేది.

అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఈ చిక్కు మరింత జటిలం. మన రాష్ట్రపతిని ఎన్నికైన చట్టసభల సభ్యులు ఎన్నుకొంటారు. అక్కడ ప్రజలు రాష్ట్రాలవారీగా ఓటు వేస్తారు. రెండు రాష్ట్రాలు మినహా, ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ దక్కుతారు. మొత్తం 538 మందిలో 270 మంది మద్దతు లభించినవారు అధ్యక్షులు. అందువల్ల అక్కడ రాష్ట్రాల సర్వేలకు విలువ ఎక్కువ.

సింగరేణి లెక్క వేరు. 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికలలో 11 ఏరియాలకుగాను ఐఎన్‌టీయూసీ ఆరింట, ఏఐటీయూసీ అయిదింట గెలిచాయి. అయినా మొత్తం ఓట్లలో ఆధిక్యం పొందిన ఏఐటీయూసీకే సంస్థ స్థాయి గుర్తింపు దక్కింది. అమెరికాలో 2016లో ఇందుకు విపర్యయంగా జరిగింది. హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు అధికంగా వచ్చినా డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాలలో కలిపి దాదాపు 78 వేల ఓట్ల తేడా ఫలితాన్ని నిర్ణయించింది.

ఆ మూడు రాష్ట్రాల సర్వేలలో అత్యధికం క్లింటన్ ముందున్నట్లు చూపాయి. జవాబిచ్చినవారిలో పట్టభద్రుల పాలు వాస్తవానికి మించి ఉండటం, పలు సర్వేలు దానిని సరిదిద్దకపోవడం ఇందుకు ఒక కారణం. చివరి రోజులలో నిర్ణయించుకొన్న అనేకులు ట్రంప్ వైపు మొగ్గడం మరొక కారణం. అన్నింటా పొరపాటు ఒకే వైపు ఉన్నప్పుడు పది సర్వేలను కలిపినా సత్యం బయటపడదు.

ఎక్కువమందిని అడిగితే చాలదా అని కొందరంటారు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటిమందికి పత్రాలు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాలలో 46 రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాలను ఆ పత్రిక ఎక్కువగా ఆశ్రయించింది. వ్యాగన్ పైపొర బొగ్గు ఎంత తీసినా అడుగు బొగ్గు గ్రేడు తెలియదు కదా!

అలాగని సర్వేలన్నీ వ్యర్థం కావు. 2020లో రాష్ట్రాల సర్వేలు ఆధిక్యాల అంచనాలో తప్పినా, అధ్యక్షుడెవరో సరిగానే సూచించాయి. అభ్యర్థుల నడుమ అంతరం పెద్దదైతే సర్వేను కొంత నమ్మవచ్చు. స్వల్పమైతే అది సూచన మాత్రమే.

పోలింగు ముగిసేవరకు ఎగ్జిట్ పోల్ ఫలితాలను ప్రకటించరాదని మన చట్టం శాసిస్తోంది. గెలుస్తాడన్న మాట విని వేసే ఓటు స్వతంత్రమైన ఓటు కాదు. పద్దెనిమిదేళ్లు నిండనున్న ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోదగిన విషయమిది.

అర్థాలు
స్థాలి = వంటకుండ; పులాకం = మెతుకు; విపర్యయం = తారుమారు; జటిలం = చిక్కైనది

ప్రశ్నలు
1. స్థాలీపులాక న్యాయం ఎన్నికల సర్వేలకు ఎంతవరకు వర్తిస్తుందో చర్చించండి.
2. సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికను, అమెరికా అధ్యక్ష ఎన్నికను పోల్చి రాయండి.