నెలరాజు గడియారము

తెలుగున 'నెల' యను మాటకు రెండర్థములు కలవు. ముప్పది దినముల కాలము నెల. ఆకాశమున వెలుగు చంద్రుడును నెలయే. వెన్నెల, నెలవంక, నెలరాజు అను మాటలలో నున్నది ఈ రెండవ యర్థము. తెలుగువారి పూర్వులు చంద్రుని జూచియే కాలమును లెక్కించిరనుటకు ఈ యొక్క మాటయే చాలిన సాక్ష్యము.

నెల్లూరు జిల్లా పడమటి యంచున, వెలిగొండల చేరువ, సీతారామపురమను గ్రామము కలదు. పడమట కొండల వరుస. తూర్పు వైపున ఉదయగిరి సీమ. సూర్యచంద్రులు ఉదయగిరిపై పొడమి అస్తగిరిపై క్రుంకుదురని కవులు వర్ణింతురు. ఈ గ్రామవాసులకు వెలిగొండలే యస్తగిరి.

విద్యుద్దీపములు రాని దినములలో ఈ మెట్టసీమవారికి వెన్నెల గొప్ప యాస్తి. గొఱ్ఱెల మందతో బయట పండుకొను కాపరికిని, రాత్రివేళ బండి కట్టవలసిన రైతునకును, "ఈ రాత్రి వెన్నెల ఎప్పుడు వచ్చును? ఎప్పుడు పోవును?" అనునది ముఖ్యమైన ప్రశ్న. లెక్క తప్పినచో నడుమదారిలో చీకటి కమ్మును. రాళ్లబాటలో ఎద్దు కాలు విరుగవచ్చును. పంచాంగము చేత లేకున్నను ఆ లెక్క వేయుటకు ఒక సులభమైన మార్గము కలదు. అది తెలియవలెనన్న ముందుగా చంద్రుని నడకను తెలిసికొనవలెను.

చంద్రునికి స్వయంప్రకాశము లేదు. సూర్యకాంతి పడిన సగభాగము ఎల్లప్పుడును వెలుగుచునే యుండును. ఆ వెలుగు సగములో భూమిపై నున్నవారికి కనబడు భాగము దినదినమును మాఱును. ఇదియే చంద్రకళల వృద్ధిక్షయములకు కారణము. భూమి నీడ పడుటచే కళలు తఱుగునని కొందఱు తలంతురు. అది పొరపాటు. భూమి నీడ చంద్రునిపై పడునది గ్రహణమునాడు మాత్రమే, అదియు పూర్ణిమనాడే.

చంద్రుడు భూమిచుట్టు తిరుగుచు, సూర్యుని నుండి దినమునకు సుమారు 12 డిగ్రీలు తూర్పునకు జరుగును. ఈ 12 డిగ్రీల యెడమునకే తిథి యని పేరు. ముప్పది తిథులకు 360 డిగ్రీలు పూర్తి యగును. అమావాస్య నుండి అమావాస్యకు సగటున 29 దినముల 12 గంటల 44 నిమిషములు పట్టును. భూమి తనచుట్టు తాను ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు. 12 డిగ్రీలకు 48 నిమిషములు. గడియకు 24 నిమిషములు గనుక ఇది రెండు గడియలు. కావున చంద్రుడు ప్రతిదినమును సుమారు రెండు గడియలు ఆలస్యముగా ఉదయించి, అంతే యాలస్యముగా అస్తమించును.

లెక్క యంతయు ఇంతియే. శుక్లపక్షమున తిథిని రెండింట హెచ్చించినచో, ప్రొద్దు క్రుంకిన పిమ్మట అన్ని గడియలు వెన్నెల యుండును. శుద్ధ పంచమినాడు పది గడియలు, అనగా నాలుగు గంటలు. కృష్ణపక్షమున అట్లే హెచ్చింపగా వచ్చినవి చీకటి గడియలు. బహుళ పంచమినాడు నాలుగు గంటలు చీకటి. ఆ వెనుక చంద్రోదయము.

అమావాస్యనాడు చంద్రుడు సూర్యునితోనే పొడమి సూర్యునితోనే క్రుంకును, కావున కానరాడు. విదియనాటి సాయంకాలము పడమట సన్నని నెలవంక పడవవలె తోచును. శుద్ధాష్టమి సాయంకాలము అర్ధచంద్రుడు నడినెత్తిన నిలిచి, నడిరేయి అస్తమించును. పూర్ణిమనాడు ప్రొద్దు క్రుంకు వేళకు తూర్పున పొడమి రాత్రి యెల్ల కాయును. బహుళాష్టమినాడు నడిరేయి ఉదయించి, మఱునాడు మధ్యాహ్నము వరకు పట్టపగలే తెల్లమబ్బు తునకవలె కనబడును. చంద్రుడు రాత్రికే చెందినవాడనుట సరికాదు.

ఈ లెక్క స్థూలమైనది. చంద్రుని మార్గము సరియైన వృత్తము కాదు. అది వాలియు నున్నది. కావున ఆలస్యము ఒకనాడు నలుబది నిమిషములకు చేరువగను, మఱియొకనాడు గంటకు చేరువగను ఉండును. సీతారామపురము భూమధ్యరేఖకు సుమారు 15 డిగ్రీలు మాత్రమే ఉత్తరమున నుండుటచే తేడా ఇంతతో సరిపోయినది. ఇంగ్లండు వంటి ఉత్తరదేశములలో శరత్కాలపు పూర్ణిమ దినములందు ఆలస్యము అరగంటకును లోపుగా నుండును.

నేడు చేతిలోని ఫోను చంద్రాస్తమయమును నిమిషములతో సహా తెలుపును. కాని ఆ యంకె కొండను ఎఱుగదు. అది నేలయు నింగియు కలిసినట్లు తోచు సమతలపు అంచునకు కట్టిన లెక్క. ఒక యింటి ముంగిట నుండి చూడగా కొండకొన 5 డిగ్రీల యెత్తున నున్నచో, డిగ్రీకి 4 నిమిషముల చొప్పున చంద్రుడు ఇరువది నిమిషములు ముందుగానే మఱుగగును. విదియనాటి నెలవంక సంజవెలుగులో కనబడునదే కొద్దిసేపు. అందు ఇరువది నిమిషములు పోయిన మిగులునది స్వల్పము. కావున నెలపొడుపు చూచి పండుగ దినము తెలిసికొనువారు కొండ మొదలు విడిచి, తూర్పునకు జరిగి, బయలున నిలుచుట మేలు.

వెలుగు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవునను ప్రశ్న కాపరితో ముగియలేదు. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 బయలుదేరెను. ఆ దీవి 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. నేడు తిరుపతి జిల్లాలోనిది. ఆగస్టు 23న, శ్రావణ శుద్ధ సప్తమి సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు, విక్రమ్ చంద్రుని నేలపై దిగెను. అచ్చట అప్పుడు ఉదయకాలము. చంద్రుని పగలు సుమారు పదునాలుగు దినములు. సూర్యకాంతితో పనిచేయు యంత్రమునకు ఆ పగలు నిండుగా దొరకవలెనని శాస్త్రజ్ఞులు ఆ వేళను ఎంచుకొనిరి. రాత్రి సమీపింపగా సెప్టెంబరు 4న దానిని నిద్రపుచ్చిరి.

విద్యార్థులు ఒక నెల దినములు తమ యింటి ముంగిటనే నిలిచి, తిథిని, చంద్రుడు కనబడిన వేళను, కొండచాటైన వేళను వ్రాసికొనవలెను. అచ్చు అంకెకును కంటికి కనబడిన వేళకును గల తేడాను నాలుగు నిమిషములచే భాగించినచో, కొలబద్ద లేకయే తమ యూరి కొండ యెన్ని డిగ్రీల యెత్తున నున్నదో వారికి తెలియును.