వీధిలో వృద్ధులు, వీధిలో పిల్లలు

చదువవలసిన భాగములు: జెకర్యా 8:1–8, మత్తయి 11:16–17, 1 తిమోతి 4:8



బబులోను చెరనుండి తిరిగివచ్చిన జనులు దేవాలయమును మరల కట్టుచున్న దినములలో జెకర్యా ప్రవచించెను. అది క్రీస్తుకు పూర్వము 518వ సంవత్సర ప్రాంతము. యెరూషలేము ప్రాకారములు అప్పటికింకను లేవలేదు. అట్టి పట్టణము బాగుపడినదని ఏ గురుతుచేత తెలిసికొనవలెను? ప్రవక్త సైన్యమును చూపలేదు, ధనాగారమును చూపలేదు. చేతికఱ్ఱ పట్టుకొని వీధులలో కూర్చున్న ముసలివారిని నాలుగవ వచనములో చూపెను. అవే వీధులలో ఆటలాడు పిల్లలను అయిదవ వచనములో చూపెను.

బాలల ఆదివారమున మనము అయిదవ వచనము మాత్రమే చదివి కూర్చుందుము. నాలుగవ వచనము లేనిదే అయిదవది నిలువదు. ఎద్దుబండి వచ్చినప్పుడు తప్పుకొమ్మని కేకవేయుటకు, జగడము తీర్చుటకు, పడిన బిడ్డను లేవనెత్తుటకు వీధిలో ఒక పెద్దమనిషి కూర్చుండవలెను. పెద్దలు లోపలికి పోయిన వీధి పిల్లలకు భయము. మన పిల్లలు ఎక్కువసేపు టెలివిజను చూచుచున్నారని నాతో చెప్పుకొను తలిదండ్రులందరిని నేను ఒకే మాట అడుగుచున్నాను: సాయంకాలము ఆరు గంటలకు మీ ఇంటి అరుగుమీద ఎవరు కూర్చున్నారు?

టెలివిజను మన పల్లెలకు వచ్చిన రీతి ఈనాటి పిల్లలకు తెలియదు. 1975 ఆగస్టు 1వ తేదీన మన దేశము అమెరికావారి ఉపగ్రహమును ఒక సంవత్సరము ఎరవు తీసికొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపెను. ఆంధ్రప్రదేశ్ పల్లెలు అందులో నుండెను. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రము ఊరివారికి రెండున్నర గంటలు, అంతే. పెట్టె ఊరందరిది. తాతలు, తల్లులు, చంటిబిడ్డలు ఒక్కచోట చేరి చూచిరి. తరువాత 1977లో హైదరాబాదు కేంద్రము ప్రారంభమై, తార్నాకకు దూరము కాని రామంతాపురమునుండి తెలుగు ప్రసారములు సాగినవి. పదియేండ్లు గడచునప్పటికి, 1987–88లో, ఆదివారము ఉదయము రామాయణము వచ్చు వేళకు వీధులు నిర్మానుష్యమగుట నావంటి ఈడువారందరు ఎరుగుదురు. ఆ దినములలో సండే స్కూలు గంట కొట్టినవారి కష్టము చెప్పనలవి కాదు. అయినను ఆ పెట్టెచుట్టు ఇరుగుపొరుగు చేరిరి. నేడు పెట్టె ప్రతి ఇంటిలోనికి, అక్కడనుండి ప్రతి అరచేతిలోనికి వచ్చినది. ఒకే గదిలో నలుగురు నాలుగు చూచుచున్నారు.

దానిని సాతాను పెట్టె అని నేను ప్రసంగింపబోను. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు మూతబడియుండగా పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ద్వారానే పిల్లలకు అందినవి. వ్యాధిగా నున్నవారు వాక్యమును ఫోనులోనే వినుచున్నారు. పనిముట్టును దూషించి ప్రయోజనమేమి? కొడవలి పదునైనదే, కాని ఉయ్యాలలో పెట్టము గదా.

మన సంఘములనుండి పనికై, చదువుకై హైదరాబాదు వెళ్లిన కుటుంబములు అనేకములు. వారిలో కొందరిని చూచుటకు తార్నాక వెళ్లుచుందును. మిద్దెపైని రెండు గదులు, తల్లి తండ్రి ఇద్దరికి పని, క్రింద వాహనముల రద్దీ, 2017నుండి నెత్తిమీద మెట్రో రైలు. బడినుండి వచ్చిన పిల్లను లోపల పెట్టి తలుపు వేసికొని, అమ్మ వచ్చువరకు టీ.వీ. చూడుమని చెప్పక ఆ తల్లి ఏమి చేయగలదు? ఆమెను నిందించుట సులువు. నేను నిందింపను.

అయితే ఆ ఇంటినుండి కొద్ది దూరములోనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమున్నది. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కాలేజీ రాతిభవనము, దాని యెదుటి విశాలమైన బాట, చెట్లు, మైదానములు. ఉదయము సాయంత్రము నడచువారు అక్కడ కనబడుదురు. పెద్దలు తమ రక్తపోటుకై, చక్కెర వ్యాధికై వైద్యుని మాట విని నడచుచున్నారు. మంచిదే. కాని వారి మనుమలు ఇంటివద్ద సోఫామీద నున్నారు! నడచుటకు వచ్చిన తాత ఒక బిడ్డ చేయి పట్టుకొని వచ్చినయెడల ఇద్దరికి ఒకే ప్రయాణము గదా. ఆవరణములోను వాహనములు తిరుగును గనుక పిల్లలను ఒంటరిగా పంపరాదు. ఇక్కడను మరల నాలుగవ వచనమే.

ఆ ఆవరణమునకు ఆనుకొనియే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చినది. మనము ఏమి తినవలెనో పరిశోధించు ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో నిత్యవ్యాయామమును గూడ చేర్చినది. అయిదు మొదలు పదునేడేండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒళ్లు కదలునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పెను. రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డలకు తెరముందు గంటకు మించరాదనియు, ఏడాది లోపు బిడ్డలకు అసలే వలదనియు 2019లో చెప్పెను. అన్నము తినిపించుటకు చంటిబిడ్డ చేతికి ఫోను ఇచ్చు అమ్మమ్మలు ఈ మాట గమనింపవలెను.

కన్నుల సంగతి మరియొకటి. చైనాలోని గ్వాంగ్‌జౌ పట్టణమున కొన్ని బడులలో ఒకటవ తరగతి పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట నుంచిరి. మూడేండ్లకు వారిలో నూటికి 30 మందికి దూరపుచూపు మందగించెను. అట్లు చేయని బడులలో నూటికి 40 మందికి మందగించెను. ఇది 2015లో ప్రకటింపబడినది. పగటి వెలుతురే అందుకు ముఖ్యకారణమని వైద్యులు తలంచుచున్నారు. ఆ వెలుతురునకు మన పల్లెలలో వెల లేదు.

పౌలు శరీర సాధకము కొంచెమే ప్రయోజనకరమని తిమోతికి వ్రాసెను గదా అని ఒక సంఘపెద్ద నన్నడిగెను. కొంచెము అనెను గాని నిష్ప్రయోజనమనలేదు. ప్రభువు తన తరమువారిని పోల్చుటకు ఉపమానము కావలసినప్పుడు సంతవీధులలో ఆడుకొను పిల్లలనే తీసికొనెను. ఆయన వారి ఆటను నిలిచి చూచినట్లే నాకు తోచుచున్నది. చూడనివానికి, ఒక జట్టు అలిగి ఆడననుట ఎట్లు తెలియును?

జెకర్యా ఆడుపిల్లలను ప్రత్యేకముగా చెప్పెను. ఈ మాట మన ఊళ్లకు తగులును. మగపిల్లవాడు బ్యాటు పట్టుకొని చెరువుగట్టుకు పోవును. అతని అక్క పదియేండ్లు నిండగానే అంట్లు తోమి, తమ్ముని ఎత్తుకొని, మిగిలిన గంట టీ.వీ. ముందు కూర్చుండును. పెట్టె కట్టివేయుమని ఆమెను గద్దించినచో ఆమెకు మిగులునది ఏమి? తొక్కుడుబిళ్లకు గీత గీయుటకు చోటు, కోకో ఆడుటకు నలుగురు తోడు, చూచి నవ్వనట్టి వీధి ఆమెకు ముందు కావలెను. ఈ పని స్త్రీల సమాజమువారు చేయగలరు, పురుషులు చేయలేరు.

ఇంటిలో కట్టుబాటు పెద్దల సీరియలునుండి మొదలు కావలెను. భోజనపు వేళ, కుటుంబ ప్రార్థన వేళ పెట్టె ఆర్పవలెను. పండుకొను చోటికి ఫోను తీసికొని పోరాదు. ఎంతసేపు చూడవచ్చునో ముందుగా చెప్పి, చూచుచుండగా మధ్యలో ఊడబెరుకక, ఆ కార్యక్రమము ముగియగానే ఆర్పవలెను. ఆర్పిన వెంటనే "పోయి ఆడుకో" అని కసరక, మీరే చెప్పులు తొడుగుకొని వాకిట నిలువుడి.

రానున్న నెల మొదటి సోమవారమునుండి మన మందిరపు ఆవరణము గేటు సాయంత్రము అయిదు గంటలకు తీసి ఆరున్నరకు మూయుదుము. బావిపై ఇనుప జల్లెడ వేయించితిమి. దినమునకు ఇద్దరు పెద్దలు, ఒక పురుషుడు, ఒక స్త్రీ, వంతుల చొప్పున వేపచెట్టుక్రింద కూర్చుండవలెను. పేర్లు వ్రాయు పుస్తకము కోశాధికారి బల్లమీద నున్నది. బుధ, శనివారములు ఇంకను ఖాళీగా నున్నవి. మోకాళ్ల నొప్పులు గలవారికి చేతుల కుర్చీ వేయుదుము, చేతికఱ్ఱ తెచ్చుకొనవచ్చును.